సోలెడు పిండి, గిద్దెడు నెయ్యి

మా తిండి గురించి ఎవరు రాసినా నవాబుల దస్తర్‌ఖాన్ దగ్గర మొదలుపెట్టి అక్కడే ముగిస్తారు. బిర్యానీ నిజాంది, చివరికి చాయ్‌లో ముంచుకునే బిస్కట్టు పేరు కూడా ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌దే. జొన్నరొట్టె, పచ్చిపులుసు తిని బతికిన మేం ఆ చరిత్రలో ఎక్కడా కనిపించం.

మొహర్రం వచ్చిందంటే హైదరాబాద్ బేకరీల ముందు దమ్ కే రోట్ కోసం జనం వరుస కడతారు. రవ్వ, గోధుమపిండి, నెయ్యి, చక్కెర, ఖోవా, బాదం కలిపి కాల్చిన మందపాటి బిస్కట్లవి. వీటికీ ఒక రాజు కథ ఉంది. ఏడో నిజాం తన మనవడి క్షేమం కోరి పత్తర్‌గట్టీలోని నాల్-ఎ-ముబారక్ అలం దగ్గర రోట్లు మొక్కు చెల్లించేవాడని చెప్పుకుంటారు. కావచ్చు. కానీ పిల్లల కోసం మొక్కుకున్నది రాజులొక్కరేనా?

మా నానీమా కూడా మొక్కుకుంది. ఆమెది జహీరాబాద్ పక్క పల్లె. 1956 దాకా ఆ ప్రాంతం బీదర్ జిల్లాలోది. ఆమె రోట్‌లో ఖోవా లేదు, బాదం లేదు. సోలెడు గోధుమపిండి, అరసోలెడు రవ్వ, కరిగించిన బెల్లం, గిద్దెడు నెయ్యి, నాలుగు ఇలాయచీలు, ముద్ద కట్టేటన్ని పాలు. గట్టిగా పిసికి, మందంగా తట్టి, పైన గసగసాలు అద్ది, పెంకులో పెట్టి మూత వేసేది. కింద పిడకల నిప్పు, మూత మీద పిడకల నిప్పు. ఆ రెండు నిప్పుల మధ్య కాలడమే దమ్.

కొలతలు తెలుగువి, కాల్చే తీరు పేరు ఉర్దూది. నెయ్యి గొల్లలింటి నుంచి వచ్చేది. పీర్లకొట్టంలో ఫాతెహా అయ్యాక రోట్లు అన్ని కులాల ఇళ్లకూ వెళ్లేవి. అలావా చుట్టూ అసోయ్ దూలా ఆడేవాళ్లలో మాకంటే ఇతరులే ఎక్కువ.

1948 సెప్టెంబర్ 13న మొదలైన పోలీసు యాక్షన్ 17న ముగిసింది. మామీద హింస మాత్రం అప్పటితో ముగియలేదు. కేంద్రం పంపిన సుందర్‌లాల్ కమిటీ కనీసం 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని అంచనా వేసింది. బాగా దెబ్బతిన్న జిల్లాల్లో బీదర్ ఒకటి. ఆ నివేదికను ప్రభుత్వం దశాబ్దాలపాటు ప్రచురించలేదు. రజాకార్ల దౌర్జన్యాలు నిజం, వాటిని మేం దాచం. కానీ శిక్ష పడింది రజాకార్లలో చేరని రైతులకూ, కూలీలకూ కూడా. ఆ ఏడాది మా నానా ఇంటికి తిరిగి రాలేదు. నానీమా ఇద్దరు పిల్లలతో, ఒక ఇత్తడి సోలతో హైదరాబాద్ చేరింది.

పట్నంలో కుట్టుపని చేసి పిల్లల్ని సాకింది. పిడకలు దొరక్క రోట్లు బేకరీ భట్టీకి పంపేది. బెల్లం పోయి చక్కెర వచ్చింది. సోల మాత్రం మారలేదు. ఆ ఏడాది గురించి ఆమె ఎన్నడూ నోరు విప్పలేదు. కానీ ప్రతి మొహర్రంలో ఇంటిల్లిపాది లెక్కకు మించి ఒక రోట్ ఎక్కువ చేసేది. ఎవరిదని అడిగితే "నై ఆయే సో ఉన్‌కా" అనేది. రాని మనిషిది.

కర్బలా జరిగి 1,300 ఏళ్లు దాటినా ఏడవడానికి మాకొక నెల ఉంది. 1948కి ఒక్క రోజు కూడా లేదు. సెప్టెంబర్ 17ను ఒకరు విమోచనమంటారు, ఇంకొకరు విలీనమంటారు. ఆ రెండు మాటల్లోనూ మా నానా లేడు. అందుకే నానీమా తన దుఃఖాన్ని మొహర్రంలోనే కలుపుకుంది.

ఇప్పుడు మాకూ పైనా కిందా నిప్పే. మీరు నిజాం వారసులని బయటివాళ్లు వేలెత్తి చూపుతారు. పీర్లు, రోట్లు బిద్‌అత్, మానేయండని మావాళ్లే కొందరు అంటారు. వాళ్లకు మేం పరాయివాళ్లం, వీళ్లకు సగం ముస్లింలం. ఇద్దరికీ మా జవాబు ఒకటే. నిజాం ఖజానాలో మాకు వాటా లేదు. మాకు దక్కిన వారసత్వం ఇత్తడి సోల. మా చరిత్ర రాసేవాళ్లు దానితో కొలిచి రాయాలి. వాళ్లు రాయకపోతే మేమే రాసుకుంటాం.