చత్వారం: కంటి అద్దాల కథ

నరసరావుపేటలోనైనా, మాచర్లలోనైనా నలభై దాటినవారు పత్రికను చేయి చాపి దూరంగా పట్టుకొని చదవడం మనం చూస్తూనే ఉంటాము. దీనినే చత్వారమంటారు. సంస్కృతంలో నలభైని చత్వారింశత్ అంటారు; వయస్సు ఆ మాటలోనే ఉన్నది. ఇది రోగం కాదు, అందరికీ వచ్చే మార్పు.

విచిత్రమేమంటే, కారణం తెలియడానికి ఐదు వందల ఏండ్ల ముందే దీనికి ఉపాయం దొరికినది. ఇటలీలో 1286 ప్రాంతంలో కంటి అద్దాలు పుట్టినవి. మన దేశంలో వీటి జాడ విజయనగర కాలంలో కనిపిస్తుంది. నేటి పల్నాడు జిల్లాలోని కొండవీడును 1515లో జయించిన శ్రీకృష్ణదేవరాయలకు పూజ్యుడు వ్యాసతీర్థులు. ఆయన అద్దాల సాయంతో గ్రంథం చదివినట్లు సోమనాథకవి రచించిన వ్యాసయోగి చరితంలో వర్ణన ఉన్నదని పరిశోధకుడు పి. కె. గోడే చూపినాడు. 1510లో గోవాను పట్టుకొన్న పోర్చుగీసువారి ద్వారా అవి వచ్చి ఉండవచ్చునని ఊహ.

ఇక కారణం. దగ్గరి వస్తువును చూచేటప్పుడు కంటిలోని కటకమే మారుతుందని 1801లో థామస్ యంగ్ నిరూపించినాడు. సిలియరీ కండరాలు బిగిసినపుడు కటకం ఉబ్బుతుందని 1855లో హెల్మ్‌హోల్ట్జ్ వివరించినాడు. వయస్సుతో కటకం గట్టిపడి, ఉబ్బే శక్తిని కోల్పోతుంది. చత్వారం వేరు, దీర్ఘదృష్టి వేరని 1864లో డాండర్స్ స్పష్టపరచినాడు.

ఒక చిన్న లెక్క చూడండి. ఒకరికి 50 సెంటీమీటర్లకన్న దగ్గరి అక్షరాలు కనబడవనుకొందాము. 25 సెంటీమీటర్ల దూరంలో చదవాలంటే 50 సెంటీమీటర్ల నాభ్యంతరం గల కుంభాకార కటకం, అనగా +2 డయాప్టర్ల అద్దం చాలును.

ఇంత సులభమైన సాధనమైనా, 2015 నాటికి ప్రపంచంలో చత్వారం గల 180 కోట్లమందిలో సుమారు 82 కోట్లమందికి తగిన అద్దాలు లేవని అంచనా. చదువుకొన్నవారికే అద్దాలు కావాలనుకోవడం పొరపాటు. కళ్ళంలో తాలుకాయలు ఏరే స్త్రీకి, పురుగుమందు డబ్బా మీది సన్నని అక్షరాలు చదువవలసిన రైతుకు కూడ అవి అవసరమే. అస్సాం తేయాకు తోటలలో అద్దాలు ఇచ్చినవారి పని, ఇవ్వనివారితో పోల్చితే, సుమారు 22 శాతం అధికమైనదని 2018లో ప్రచురితమైన పరిశోధన తెలిపినది.

విద్యార్థులారా! మీ ఇంటిలో ఎవరైనా సూదిలో దారం ఎక్కించమని మిమ్ములను పిలిస్తే, దారం ఎక్కించి ఊరుకొనక, వారిని కంటి పరీక్షకు తీసుకొనిపొండు.