విస్మృతి: అధ్యయన చరిత్ర

మెదడుకు దెబ్బ తగిలో జబ్బు చేసో గడిచినవి గుర్తుకు రాకపోవడాన్ని, కొత్త సంగతులు మనసులో నిలవకపోవడాన్ని విస్మృతి అంటారు. వైద్యుల వాడుకలో ఇది అమ్నీషియా. తాళంచెవి ఎక్కడ పెట్టామో మరిచిపోయే మామూలు మతిమరుపుతో దీన్ని కలపకూడదు. సినిమా నాయకుడు ఒక దెబ్బకు పేరుతో సహా అన్నీ మరిచి, రెండో దెబ్బకు అన్నీ గుర్తు తెచ్చుకుంటాడు గానీ ఆసుపత్రిలో అలా జరగదు. రోగుల్లో చాలామందికి తమ పేరు, పుట్టిన ఊరు తెలుసు. పది నిమిషాల కిందట పలకరించి వెళ్లిన డాక్టరే గుర్తుండడు. రోగి ఏం పోగొట్టుకున్నాడన్న ప్రశ్న కన్నా అతనికి ఏం మిగిలిందన్న ప్రశ్నే ఈ శాస్త్రాన్ని ఎక్కువ ముందుకు నడిపింది. జ్ఞాపకమంటే అన్నీ ఒక్కచోట పోసిపెట్టే గాదె కాదని తేలింది ఆ దారిలోనే.

ఉదయం ఏం తిన్నారో చెప్పలేని వృద్ధులు పెళ్లినాటి ముచ్చట్లు పూసగుచ్చినట్టు చెబుతారు. ఫ్రాన్సు మనస్తత్వవేత్త రిబో 1881లో దీన్ని ఒక సూత్రంగా చెప్పాడు: కొత్తవి ముందు పోతాయి, పాతవి చివరిదాకా నిలుస్తాయి. ఆ దశాబ్దంలోనే రష్యా వైద్యుడు కొర్సకోవ్, ఏళ్ల తరబడి తాగినవారిలో కొత్త సంగతులు నిలవని జబ్బును వర్ణించాడు. దాని మూలం బి1 విటమిన్ లోపమని తర్వాత తెలిసింది. జెనీవాలో మనస్తత్వవేత్త క్లాపరేడ్ అలాంటి ఒక రోగి మీద, కాస్త మొరటుగానే, ఒక పరీక్ష చేసి 1911లో ప్రచురించాడు. వేళ్ల మధ్య గుండుసూది దాచుకుని ఆమెకు కరచాలనం చేశాడు. మరోసారి చెయ్యి చాపితే ఆమె తన చెయ్యి వెనక్కి లాక్కుంది, కారణం మాత్రం చెప్పలేకపోయింది. సంఘటన చెరిగిపోయినా భయం చెరగలేదు.

అయినా జ్ఞాపకానికి మెదడులో ప్రత్యేకమైన చోటంటూ లేదన్న అభిప్రాయమే చాలాకాలం చెల్లింది. అది 1953లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో తలకిందులైంది. తీవ్రమైన మూర్ఛలు తగ్గించడానికి విలియం స్కోవిల్ అనే సర్జన్ 27 ఏళ్ల హెన్రీ మొలైసన్ మెదడులో రెండు కణతల లోపలి భాగాలను, హిప్పోకాంపస్‌లో చాలా మేర కలుపుకొని, తొలగించాడు. మూర్ఛలు తగ్గాయి, తెలివి చెక్కుచెదరలేదు, కొత్త జ్ఞాపకం పుట్టడం మాత్రం ఆగిపోయింది. ఒకసారి 584 గుర్తుంచుకోమంటే, మూడు అంకెల మొత్తం 17, అందులోంచి ఎనిమిది తీస్తే తొమ్మిది, అది అయిదూ నాలుగూ అని లోలోపల వల్లెవేస్తూ పావుగంట నిలుపుకున్నాడు. ధ్యాస మళ్లగానే ఆ సంఖ్యతో పాటు దాన్ని అడిగిన సంగతీ పోయింది. అదే మనిషి చేత మనస్తత్వవేత్త బ్రెండా మిల్నర్ అద్దంలో మాత్రమే చెయ్యి కనబడేలా పెట్టి నక్షత్రం బొమ్మ గీయించింది. మూడు రోజుల్లో చెయ్యి కుదిరింది, తప్పులు తగ్గాయి. మూడో రోజు కూడా ఆ బొమ్మ ముందెప్పుడూ గీసినట్టు అతనికి గుర్తులేదు.

ఒక్క మనిషిని, అదీ ఏళ్లుగా మూర్ఛలతో, మందులతో గడిపినవాణ్ణి చూసి ఇంత సిద్ధాంతం కట్టవచ్చా అన్న ఆక్షేపణ న్యాయమైనదే. దానికి జవాబు ఇతర రోగుల నుంచి వచ్చింది. రక్తప్రసారం తగ్గి విస్మృతి పాలైన ఆర్.బి. అనే రోగి మెదడును మరణానంతరం పరిశీలిస్తే, జ్ఞాపకానికి సంబంధించిన ముఖ్యమైన నష్టం హిప్పోకాంపస్‌లోని ఒక చిన్న పొరకే పరిమితమని 1986లో వెల్లడైంది. కొర్సకోవ్ రోగుల్లో దెబ్బతినేది వేరే చోటు గదా అంటే, ఆ చోట్లు నాడీతంతువులతో హిప్పోకాంపస్‌కు ముడిపడి ఉన్నవే. దారం ఎక్కడ తెగినా దండ జారుతుంది. 1981లో మోటారుసైకిల్ ప్రమాదానికి గురైన కెనడావాసి కె.సి. సంగతి ఇంకా విచిత్రం. చదరంగం ఆడగలడు, తమవాళ్ల వేసవి ఇల్లు ఎక్కడుందో చెప్పగలడు, అక్కడ గడిపిన ఒక్క రోజూ గుర్తులేదు. తెలిసిన విషయం వేరు, అనుభవించిన ఘటన వేరు అని మనస్తత్వవేత్త టుల్వింగ్ 1972లోనే చేసిన విభజనకు ఇది బలమైన ఆధారమైంది.

సంఘటన గుర్తులేకపోయినా అలవాటు నిలుస్తుందన్న ఎరుక చికిత్సకూ పనికొచ్చింది. మామూలు మనిషి తప్పు చేసి, అది తప్పని గుర్తుంచుకుని దిద్దుకుంటాడు. విస్మృతి రోగికి దిద్దుబాటు నిలవదు, చేసిన తప్పు మాత్రం అలవాటుగా అంటుకుంటుంది. అందుకే ఊహించి చెప్పమనకుండా, మొదటిసారే సరైన జవాబు అందించి నేర్పితే వారికి మేలని 1994లో మనస్తత్వవేత్తలు బాడ్లీ, విల్సన్ చూపించారు.