పాలపొడా, చిత్తు బొమ్మలా? జమైకాలో ఒక పాత లెక్క

మన సాఫ్ట్‌వేర్ జనాల్లో బిడ్డ పుట్టిందంటే చాలు, బారసాల కాకముందే బొమ్మల ఆర్డర్లు మొదలైపోతాయి. పెట్టె మీద "బ్రెయిన్" అన్న మాట ఉంటే చాలు, రేటు రెండింతలైనా అడిగేవాడుండడు. ఈ వ్యాపారం కొత్తదేం కాదు లెండి. అమెరికాలో 1996లో బేబీ ఐన్‌స్టీన్ అని పసిపిల్లల వీడియోలు మొదలయ్యాయి, 2001లో డిస్నీ వాటిని కొనేసింది, 2009లో ఆ డిస్నీయే కొన్నవాళ్లకి డబ్బు వాపసు ఇస్తామంది. అసలైన పని మాత్రం అంతకు చాలా ముందే జమైకాలో మొదలైంది. దాని గురించి మనవాళ్లెవరూ మాట్లాడగా నేను వినలేదు. (జమైకా అంటే మనకి క్రికెటర్లూ, ఉసేన్ బోల్టూ. అంతే.)

కింగ్‌స్టన్‌లోని వెస్టిండీస్ విశ్వవిద్యాలయంలో 1950లలో జాన్ వాటర్లో అనే డాక్టరు పోషకాహార లోపం మీద ఒక పరిశోధన విభాగం పెట్టాడు. ఎముకల గూళ్లలా వచ్చే పిల్లల్ని ఎలా తినిపించి బతికించాలో అక్కడ బాగా నేర్చుకున్నారు. పిల్లలు బతికారు, ఒళ్లు చేశారు. మాటలోనూ ఆలోచనలోనూ మాత్రం తోటి పిల్లల్ని అందుకోలేకపోయారు. శాలీ గ్రాంథమ్-మెక్‌గ్రెగర్ అనే వైద్యురాలు 1970లలో ఇలాంటి కొందరిని ఆసుపత్రిలోనే ఆడించడం మొదలుపెట్టి, ఇళ్లకి వెళ్లాక కూడా కొన్నేళ్లు ఆ పని కొనసాగించింది. ఆడించిన పిల్లలు బాగా ముందుకొచ్చారు. మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్లు వెనకే ఉండిపోయారు.

సరే, ఆసుపత్రిదాకా వచ్చేది కొద్దిమందే. చూడ్డానికి బాగానే ఉండి, వయసుకు తగ్గ ఎత్తు మాత్రం లేని గిడసబారిన పిల్లల సంగతేంటి? 1986-87లో కింగ్‌స్టన్ పేదల వాడల్లో 9 నుంచి 24 నెలల లోపు అలాంటి పిల్లల్ని 129 మందిని ఎంచి నాలుగు గుంపులు చేశారు. ఒక గుంపుకి వారం వారం కిలో పాలపొడి. రెండో గుంపుకి వారానికో గంట ఆట. మూడో గుంపుకి రెండూ. నాలుగో గుంపుకి ఏదీ లేదు. ఇలా రెండేళ్లు. మనం రోజూ చేసే ఎ/బి టెస్టింగే ఇది, కాకపోతే చాలా ఒళ్లు దగ్గర పెట్టుకుని చేశారు. పాలపొడి ఇంట్లో అందరూ పంచుకు తాగేస్తారని ఊహించి, ఆ కుటుంబాలకి వేరుగా మొక్కజొన్న పిండి, ఇంకో పాలపొడి కూడా ఇచ్చారు. మనిషి గడపలోకి రావడం వల్లే మార్పు వచ్చిందేమో అన్న అనుమానం ఉండకూడదని, నాలుగు గుంపుల ఇళ్లకీ వారం వారం ఒకరు వెళ్లి పిల్లాడికి జబ్బేమైనా చేసిందా అని రాసుకొచ్చేవారు.

ఆట అంటే ఏం చేశారో కాస్త చెప్పాలి. వెళ్లేది ఆ ప్రాంతపు ఆరోగ్య కార్యకర్త, అంటే మన ఆశా వర్కర్ లాంటి మనిషి. పెద్ద చదువులేం లేవు, కొన్ని వారాల శిక్షణ. సంచిలో ప్లాస్టిక్ సీసాలు, మూతలు, అట్టముక్కలు, గుడ్డలతో చేసిన బొమ్మలు. నేల మీద కూచుని పిల్లాడితో ఆడి, తర్వాత ఆ ఆట తల్లి చేత ఆడించేది. చేతికందినదాని పేరు చెప్పడం, వాడు ఏదో అంటే జవాబివ్వడం, కుదిరినప్పుడు మెచ్చుకోవడం. బొమ్మలు ఆ వారానికి ఇంట్లోనే వదిలేసి, వచ్చే వారం కొత్తవి ఇచ్చి పాతవి తీసుకునేది. నా దృష్టిలో ఇందులో కీలకం తల్లి. గంట గడిచాక కార్యకర్త వెళ్లిపోతుంది, మిగిలిన వారమంతా బిడ్డతో ఉండేది ఆవిడే కదా.

1991లో లాన్సెట్‌లో వచ్చిన ఫలితాల్లో పాలూ పనిచేశాయి, ఆటా పనిచేసింది. రెండూ అందినవాళ్లు గిడసబారని పిల్లలకి దగ్గరగా వచ్చేశారు. కథ ఇక్కడితో అయిపోతే నేను రాసేవాణ్ణి కాదు. సుసాన్ వాకర్, క్రిస్టీన్ పావెల్, సుసాన్ చాంగ్ వగైరాలు ఆ పిల్లల్ని వదలకుండా ఏళ్లతరబడి వెంటాడారు. పెద్దయ్యేసరికి పాలపొడి లాభం కనపడకుండా పోయింది. ఆట లాభం నిలిచింది. 22 ఏళ్ల వయసులో 105 మందిని వెతికి పట్టుకుంటే (దేశం వదిలిపోయినవాళ్లతో సహా), చిన్నప్పుడు ఆడించినవాళ్లలో తెలివి పరీక్షల మార్కులు ఎక్కువ, కొట్లాటలు తక్కువ. సంపాదన 25 శాతం ఎక్కువని 2014లో సైన్స్ పత్రికలో వచ్చింది. 31 ఏళ్ల వయసులో గంట జీతం 43 శాతం ఎక్కువని 2021లో లెక్క తేలింది.

129 మంది చిన్న శాంపిలే, ఒప్పుకుంటాను. ఆ శాతాల్ని అక్షరాలా పట్టుకోమని నేననను. మెదడు స్కాన్లేవీ తీయలేదు కూడా, చూసింది పిల్లలు ఏం చేయగలరన్నదే. కానీ ఇదే పద్ధతి బంగ్లాదేశ్‌లో, కొలంబియాలో కూడా పిల్లల ఎదుగుదలకి పనికొచ్చింది. మన పక్కనే ఒడిశాలో 192 పల్లెల్లో చేసి చూశారు. 2020లో వచ్చిన ఫలితాల ప్రకారం, ఇంటింటికీ వెళ్లినా తల్లుల్ని ఒకచోట కూచోబెట్టి ఆడించినా పిల్లల తెలివికి దాదాపు ఒకే మేలు. రెండోదానికి ఖర్చు బాగా తక్కువ.

ఇప్పుడు మన అంగన్‌వాడీల సంగతి చూద్దాం. 1975 అక్టోబరు 2న మొదలైన పథకం అది. మూడేళ్లు దాటినవాళ్లకి అక్కడ ఆటపాటల బడి ఉంది. అంతకన్నా చిన్నవాళ్లకి ప్రధానంగా అందేది ఇంటికిచ్చే బాలామృతం ప్యాకెట్టే. అంటే జమైకా లెక్కలో పాలపొడి గుంపు! తిండి వద్దనడం లేదు, అది లేకపోతే ఏదీ లేదు. కానీ ఆట అవసరం బాగా ఉన్న వయసులో ప్యాకెట్టు ఇచ్చి పంపేయడం నాకు మింగుడుపడదు. కేంద్రం 2024లో "నవచేతన" పేరుతో పుట్టినప్పటినుంచి మూడేళ్లదాకా ఆటల ప్రణాళిక తెచ్చింది, అందులో 140 ఆటలున్నాయి. కాగితం మీద బాగానే ఉంది.

అయితే పావెల్, గ్రాంథమ్-మెక్‌గ్రెగర్ 1989లో ఇంకో సంగతి కూడా చూపించారు. వారానికోసారి వెళ్తే మంచి ఫలితం. రెండు వారాలకోసారి వెళ్తే కొంచెం. నెలకోసారి వెళ్తే దాదాపు ఏమీ లేదు. రిజిస్టర్లూ, వంటా, ఫోనులో యాప్ ఎంట్రీలూ అన్నీ నెత్తిన పెట్టుకున్న అంగన్‌వాడీ టీచరు వారానికోసారి ఎన్ని ఇళ్లకి వెళ్లగలదో మీరే లెక్కేయండి.