నేలమీద కూర్చునే రోగి: ఆక్యుపేషనల్ థెరపీ నేర్చుకున్న పాఠం

పక్షవాతం వచ్చిన మనిషి ప్రాణాపాయం నుండి బయటపడిన పిమ్మట ఇంటివారు అడిగే ప్రశ్న ఒకటే: "మళ్ళీ తన పనులు తాను చేసుకోగలరా?" ఆ ప్రశ్నకు సమాధానం వెదికే శాస్త్రమే ఆక్యుపేషనల్ థెరపీ. దీనిని తెలుగులో 'వృత్తి చికిత్స' అనడం వలన ఇది ఉద్యోగానికి సంబంధించినదన్న అపోహ ఏర్పడింది. నిజానికి స్నానం, భోజనం, వస్త్రధారణ, వంట, పూజ, జీవనోపాధి, ఇలా మనిషి దినచర్యలోని ప్రతి పనీ దీని పరిధిలోనిదే. అయితే ఆ పనులను అన్ని దేశాలవారూ ఒకే తీరున చేయరు. ఈ సంగతిని ఆ శాస్త్రం ఎలా గ్రహించిందో తెలుసుకోవడం రోగులకూ, వారి కుటుంబాలకూ ఉపయోగకరం.

1917 మార్చి 15న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో, క్లిఫ్టన్ స్ప్రింగ్స్ అనే ఊరిలో ఈ వృత్తికి తొలి సంఘం ఏర్పడింది. క్షయవ్యాధితో బాధపడిన వాస్తుశిల్పి జార్జ్ బార్టన్, మానసిక వైద్యుడు విలియం రష్ డంటన్ దాని స్థాపకులలో ముఖ్యులు. మొదటి ప్రపంచయుద్ధంలో గాయపడిన సైనికులకు నేత, వడ్రంగం, బుట్టల అల్లిక వంటి పనుల ద్వారా చికిత్స చేయడంతో దీనికి గుర్తింపు వచ్చింది. రోగి ఎవరిమీదా ఆధారపడకుండా జీవించడమే దాని ఆదర్శం. ఆ ఆదర్శంలో పుట్టిన నేలకు చెందిన జీవనవిధానం కూడా కలిసి ఉన్నది.

ఇందుకు చక్కని నిదర్శనం 1965లో ప్రచురితమైన బార్తెల్ సూచిక. రోగి స్వావలంబనను పది అంశాలలో పరీక్షించి నూటికి మార్కులు వేసే ఈ పద్ధతి నేటికీ ప్రపంచమంతటా వాడుకలో ఉన్నది. దాని ప్రయోజనం కాదనలేనిది. కాని అందులో భోజనానికి పూర్తి మార్కులు రావాలంటే రోగి ఆహారాన్ని తానే కోసుకోవాలి, వెన్న పూసుకోవాలి. మన ఇళ్ళలో జీవితమంతా కత్తితో కోసుకొని తినని పెద్దలు ఎందరో! అలాగే మంచం నుండి కుర్చీలోకి మారడం అందులో ఉన్నది. నేలమీద నుండి లేవడం లేదు.

ఈ శాస్త్రం మన దేశానికి వచ్చింది కమలా నింబ్కర్ గారి కృషితో. అమెరికాలో జన్మించి, భారతీయుని వివాహమాడి ఇక్కడే స్థిరపడిన ఆమె 1950లో బొంబాయిలోని కె.ఇ.ఎం. ఆసుపత్రిలో ఆక్యుపేషనల్ థెరపీ శిక్షణాలయాన్ని ప్రారంభించారు. 1952లో ప్రపంచ సమాఖ్య ఏర్పడినప్పుడు దాని పది స్థాపక దేశాలలో భారతదేశం కూడా ఒకటి.

పునరావాస వైద్యంలోని మరొక శాఖ ఇదే పాఠాన్ని మరింత స్పష్టంగా నేర్పింది. 1960ల చివరలో జైపూర్‌లోని సవాయ్ మాన్‌సింగ్ ఆసుపత్రిలో ఎముకల వైద్యులు ప్రమోద్ కరణ్ సేఠీ ఒక విషయం గమనించారు. విదేశీ నమూనా కృత్రిమ పాదానికి బూటు తప్పనిసరి. చీలమండ వద్ద అది తగినంత వంగదు. దానితో గొంతుక్కూర్చోవడం, బాసింపట్టు వేసుకోవడం, చెప్పుల్లేకుండా పొలంలో తిరగడం సాధ్యం కాదు. పెద్దగా చదువుకోని శిల్పి రామచంద్ర శర్మ హస్తనైపుణ్యం తోడై, రబ్బరుతో 'జైపూర్ పాదం' రూపొందింది. లోపం రోగిలో కాక పరికరంలో ఉన్నదని గుర్తించడమే అక్కడ జరిగిన అసలు మార్పు. సేఠీ గారికి 1981లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది.

పరికరాలను ప్రశ్నించినట్లే సిద్ధాంతాన్నీ ప్రశ్నించినవారు జపాన్ మూలాలున్న కెనడా చికిత్సకుడు మైఖేల్ ఇవామా. జపాన్ చికిత్సకులతో కలసి ఆయన రూపొందించిన 'కావా' నమూనాను 2006లో గ్రంథంగా వెలువరించారు. కావా అంటే నది. జీవితం నీటి ప్రవాహం, కుటుంబం, పరిసరాలు నది గట్లు, కష్టాలు బండరాళ్ళు, రోగి గుణాలు, వనరులు కొట్టుకువచ్చే దుంగలు. వీటి నడుమ నీరు పారే సందులను వెడల్పు చేయడమే చికిత్స. ఇందులో మనిషి తన చుట్టూ ఉన్నవారి నుండి వేరుపడిన ఒంటరి వ్యక్తి కాడు.

ఇక మన ఇంటి విషయం. కుడి చేయి పడిపోయిన పెద్దాయనకు ఎడమచేతితో తినడం నేర్పితే మార్కులు పెరుగుతాయి. కాని బంతిలో నలుగురి ఎదుట ఎడమచేతితో ముద్ద ఎత్తడానికి సిగ్గుపడి ఆయన గదిలో ఒంటరిగా తినసాగితే, ఒక్కొక్కసారి తినడమే తగ్గిస్తే, ఆ చికిత్స ఫలించినట్లా? ఎడమచేతికి చెంచా అలవాటు చేయాలా, కుడిచేతికి అన్నం కలిపే సాధన చేయించాలా, కొంతకాలం కోడలో మనుమడో తినిపించాలా అన్నది ఆయనను అడిగి నిర్ణయించవలసిన విషయం. తినిపించడం ప్రతిసారీ పరాధీనత కాదు. అలాగని ఇంటివారి ప్రేమ సాధనకు అడ్డు రాకూడదు.

కనుక చికిత్సకుని వద్దకు వెళ్ళినప్పుడు రోగి ఎక్కడ కూర్చుని తింటారు, ఎటువంటి మరుగుదొడ్డి వాడతారు, పంచె కడతారా, చీర కడతారా, ఏ పని చేయలేకపోవడం వారిని ఎక్కువ బాధిస్తున్నది అన్న వివరాలు తప్పక చెప్పండి. వారు అడగకపోయినా చెప్పండి. మోకీళ్ళు, తుంటి శస్త్రచికిత్స జరిగినవారు మాత్రం నేలమీద కూర్చునే ముందు వైద్యుని అనుమతి తీసుకోవాలి.