ఏకముద్రలో నాగరిక స్త్రీ: మారిస్ ప్రెండర్‌గాస్ట్ మోనోటైపులు – ఒక పరిశీలన

రెండు వస్తువుల మధ్య, ఇద్దరు మనుషుల మధ్య పోలికను నొక్కి చెప్పవలసి వచ్చినప్పుడు తెలుగులో ‘అచ్చు గుద్దినట్టు’ అంటారు. ఒకే అచ్చు నుంచి వచ్చినవన్నీ ఒకేలా ఉంటాయన్న లోకానుభవం ఈ పలుకుబడిలో ఇమిడి ఉంది. ముద్రణ కళకు పునాది కూడా ఇదే. మొదటి ప్రతికీ వందో ప్రతికీ తేడా ఎంత తక్కువగా ఉంటే ముద్రాపకుడి నైపుణ్యం అంత గొప్పది. మోనోటైపు అనే చిత్రముద్రణ పద్ధతి ఈ పునాదికే ఎదురు నిలుస్తుంది. అది అచ్చే అయినా దానికి సరిసమానమైన రెండో ప్రతి ఉండదు. 1890లలో అమెరికన్ చిత్రకారుడు మారిస్ ప్రెండర్‌గాస్ట్ ఈ పద్ధతిలో ఎక్కువగా చిత్రించినది కాలానుగుణమైన దుస్తులు ధరించి పార్కుల్లో, వీధుల్లో నడిచే నగర స్త్రీలను. చూడటానికి ఒకరికొకరు అచ్చు గుద్దినట్టుండే స్త్రీలను, మారు ప్రతి లేని అచ్చులో చిత్రించడంలోని వైరుధ్యాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పేరు విషయంలో ఒక స్పష్టత అవసరం. అచ్చు యంత్రాల చరిత్రలో ‘మోనోటైప్’ అనగానే టాల్బర్ట్ లాన్‌స్టన్ రూపొందించి 1887లో పేటెంటు పొందిన అక్షరాల పోత యంత్రం గుర్తుకు వస్తుంది. చిత్రకళలోని మోనోటైపుకు దానితో సంబంధం లేదు. యంత్రం పేరులోని ‘ఏక’ శబ్దం ఒక్కొక్క అక్షరాన్ని విడిగా పోతపోయడాన్ని సూచిస్తే, చిత్రకళలో అదే శబ్దం ఒకే ఒక్క ముద్రను సూచిస్తుంది.

పద్ధతి – పూర్వరంగం

చెక్క మీద చెక్కినా, రాగిరేకు మీద ఆమ్లంతో కొరికించినా, రాతి మీద గీసినా సాధారణ చిత్రముద్రణలో ఫలకం మీద శాశ్వతమైన గుర్తు ఏర్పడుతుంది. ఎన్నిసార్లు సిరా పూసినా ఆ గుర్తు మళ్లీ పలుకుతుంది. మోనోటైపులో ఫలకం మీద శాశ్వతమైన గీత ఏదీ ఉండదు. నున్నని రేకు మీద సిరాతోనో తైలవర్ణంతోనో బొమ్మ వేసి, అది ఆరకముందే కాగితం పరచి ఒత్తుతారు. రంగులో అధికభాగం కాగితానికి అంటుకుంటుంది. మిగిలిన పలుచని పొరతో రెండోసారి ఒత్తితే వచ్చేది మొదటి చిత్రం నీడ మాత్రమే. ఆ తరువాత రేకును తుడిస్తే బొమ్మ ఆనవాలు కూడా మిగలదు.

ఇందులో రెండు మార్గాలున్నాయి. ఖాళీ రేకు మీద కుంచెతో రంగు వేయడం మొదటిది. రేకంతా సిరా పూసి, వెలుగు కావలసిన చోట గుడ్డతోనో వేలితోనో తుడవడం రెండోది. మొదటిదాన్ని కూర్పు మార్గమనీ, రెండోదాన్ని తుడుపు మార్గమనీ వ్యవహరించవచ్చు. ఒకే చిత్రంలో రెండింటినీ కలిపి వాడుకునే వీలుంది.

ఈ పద్ధతి 17వ శతాబ్దపు ఇటలీలో, జెనోవాకు చెందిన జొవాన్ని బెనెదెత్తో కస్తిల్యోనె చేతిలో రూపుదిద్దుకుంది. తరువాత చాలాకాలం మరుగున పడి, 1870లలో పారిస్‌లో ఎద్గార్ దెగా చేపట్టడంతో కొత్త జీవం పొందింది. దెగా మూడు వందలకు పైగా మోనోటైపులు చేశారు. అమెరికన్లు దీన్ని మరో దారిలో అందుకున్నారు. 1880లో వెనిస్ నగరంలో ఫ్రాంక్ డువెనెక్ చుట్టూ చేరిన అమెరికన్ శిష్యబృందం సాయంకాలపు వినోదంగా ఇలాంటి ముద్రలు తీసేది. ముద్రణ యంత్రం ఆటో బాకర్ అనే సభ్యుడిది కావడంతో వాటిని సరదాగా ‘బాకర్‌టైపులు’ అని పిలుచుకున్నారు. 1880ల తొలినాళ్లలో బోస్టన్ చిత్రకారుడు చార్లెస్ ఆల్వా వాకర్ ఇదే పద్ధతిని సొంతంగా కనుగొని, ‘మోనోటైపు’ అన్న పేరుతో ప్రచారంలోకి తెచ్చారు. ఆ తొలి దశలోని అమెరికన్ ముద్రలు చాలావరకు ఏకవర్ణంలోనివే.

విలియం మెరిట్ ఛేజ్ 1890లలో చేసిన ‘రెవరీ: ఒక స్త్రీ రూపచిత్రం’ ఆ ఏకవర్ణ సంప్రదాయానికి మేలైన ఉదాహరణ. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్న ఈ ముద్రలో ప్రాధాన్యం స్త్రీ ముఖానిది, ఆమె ఆలోచనా ముద్రది. శీర్షికలో ఆమె పేరు లేకపోయినా, చిత్రం ఆమెను ఒక వ్యక్తిగానే నిలబెడుతుంది. ప్రెండర్‌గాస్ట్ దీనికి భిన్నమైన దారిలో నడిచారు.

దుకాణం నుంచి చిత్రశాలకు

ప్రెండర్‌గాస్ట్ 1858లో న్యూఫౌండ్‌లాండ్‌లోని సెయింట్ జాన్స్‌లో జన్మించి, బోస్టన్‌లో పెరిగారు. కుటుంబానిది సామాన్యమైన స్థితి. చిన్న వయసులోనే చదువు మాని బట్టల దుకాణంలో పనికి కుదిరారు. ఆపైన దుకాణాలకు ప్రకటన అట్టలు, అక్షరరచన చేసే పనిలో చాలా ఏళ్లు గడిపారు. 1891లో పారిస్ చేరి అకాడెమీ జూలియన్, కొలరోసి చిత్రశాలల్లో అభ్యసించారు. మోనోటైపుల రచన ఆ రోజుల్లోనే మొదలై, బోస్టన్‌కు తిరిగివచ్చాక 1902 ప్రాంతం వరకు సాగింది. ఆ దశాబ్ద కాలంలో ఆయన చేసినవి సుమారు 200. వీటిలో యాభైకి పైగా నేడు షికాగో కేంద్రంగా ఉన్న టెర్రా ఫౌండేషన్ సేకరణలో ఉన్నాయి.

ఒక చిత్రకారిణికి రాసిన ఉత్తరంలో ఆయన తన పద్ధతిని క్లుప్తంగా వివరించారు. రాగిరేకు మీద తైలవర్ణాలతో చిత్రించడం, తెల్లగా ఉండవలసిన భాగాలను తుడవడం, తృప్తి కలిగాక జపాన్ కాగితం పరచి యంత్రంతో ఒత్తడం లేదా చెంచాతో రుద్దడం, ఇంతే ఆ పద్ధతి. ఒక్కోసారి రెండో ముద్రో మూడో ముద్రో మొదటిదానికన్నా బాగుంటుందని కూడా ఆయన అన్నారు. భారీ యంత్రం అక్కరలేని ఈ పని అద్దెగదిలోనూ సాధ్యమే. పరిమిత వనరులు గల చిత్రకారుడికి అది చిన్న వెసులుబాటు కాదు.

తొలి వృత్తి ఆనవాళ్లు ఈ ముద్రల్లో కనబడతాయి. అనేక చిత్రాల్లో ఆయన బొమ్మ చుట్టూ గీతల చట్రం గీసి, శీర్షికనో తన పేరునో చిత్రంలోనే అక్షరాలుగా పొదిగారు. ఒత్తినప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి కనుక ఆ అక్షరాలను రేకు మీద తిరగరాయాలి. ప్రకటన అట్టల మీద అక్షరాలు దిద్దిన చేతికి అది పరిచితమైన విద్య. బొమ్మనూ అక్షరాన్నీ ఒకే తలం మీద కూర్చే అలవాటు ఆనాటి పోస్టర్లదీ, అప్పట్లో పారిస్, బోస్టన్ కళారంగాలను ఆకర్షించిన జపాన్ చెక్కముద్రలదీ కూడా. అయినా బట్టను సరుకుగా, ఆకారంగా, రంగుగా చూసే దృష్టి ఆయనకు దుకాణం నుంచే అలవడి ఉండాలని భావించడం అసంగతం కాదు.

ముఖం లేని స్త్రీ

ఈ ముద్రల్లోని స్త్రీని గుర్తుపట్టేది దుస్తుల వల్లనే. గొర్రె తొడ ఆకారంలో భుజం దగ్గర ఉబ్బి, ముంజేతి దగ్గర బిగిసే చేతులు 1895 ప్రాంతంలో పరాకాష్ఠకు చేరిన ఫ్యాషన్. బిగించిన నడుము, గంటలా విచ్చుకునే లంగా, భుజాలు కప్పే పొట్టి కేప్, అలంకరించిన టోపీ, గొడుగు ఆ రూపాన్ని పూర్తిచేస్తాయి. ప్రెండర్‌గాస్ట్ వీటిని కుట్టుకుట్టునా వర్ణించలేదు. లంగాకు ఒక విశాలమైన రంగు మరక, టోపీకి ఒక పూత, గొడుగుకు ఒక వృత్తం సరిపోయాయి. ‘ది బ్రీజీ కామన్’ వంటి చిత్రాల్లో ఆకారాన్ని తీర్చేది శరీర నిర్మాణం కాదు, గాలికి కదిలే బట్ట.

ముఖం మాత్రం చాలా ముద్రల్లో ఖాళీగానో, రెండు మూడు చుక్కలుగానో మిగిలిపోతుంది. దీనికి మొదటి కారణం మాధ్యమం స్వభావమే. చిన్న రేకు మీది తడి రంగు ఒత్తిడికి కాస్త జరుగుతుంది. సన్నని కనుబొమ్మ గీత ఆ ఒత్తిడికి నిలవదు, విశాలమైన లంగా నిలుస్తుంది. అయితే కారణాన్ని మాధ్యమానికే పరిమితం చేయడం సరికాదు. ముఖం కావాలనుకుంటే మోనోటైపులోనూ సాధించవచ్చని ఛేజ్ నిరూపించారు. కనుక ప్రెండర్‌గాస్ట్ మాధ్యమం పెట్టిన హద్దును ఒక ఎంపికగా మలచుకున్నారని చెప్పవలసి ఉంటుంది.

ఆ ఎంపికను ఎలా అర్థం చేసుకోవాలన్నదే అసలు చర్చ. ముఖం లేని స్త్రీ దుకాణపు అద్దం వెనక నిలిపిన బొమ్మ వంటిదనీ, ఆమె వ్యక్తిత్వాన్ని దుస్తులు మింగేశాయనీ వాదించవచ్చు. 1899లో వెలువడిన ‘ది థియరీ ఆఫ్ ది లీజర్ క్లాస్’ గ్రంథంలో థార్‌స్టైన్ వెబ్లెన్, ధనిక స్త్రీ దుస్తులు ఆమె పనిచేయనవసరం లేని స్థితిని చాటే ప్రకటనలని విశ్లేషించారు. ఈ దృష్టితో చూస్తే ఆ ముద్రలు సంపద ప్రదర్శనకు రంగుల నమోదులు. దీనికి ప్రతివాదం లేకపోలేదు. ఆయన చిత్రాల్లో పురుషుల ముఖాలూ, పిల్లల ముఖాలూ ఇంతే అస్పష్టం. పైగా ఈ స్త్రీ ఎవరి ఎదుటా కదలకుండా కూర్చోలేదు. ఆమె తన పని మీద తాను నడిచిపోతోంది. నగర వీధిలో అపరిచితురాలిని చూసే చూపుకు దక్కేది టోపీ, నడక, రంగు మాత్రమే. ముఖాన్ని వదిలివేయడం ఆ చూపు హద్దును ఒప్పుకోవడం కూడా కావచ్చు.

వర్గ ప్రస్తావన లేనిదే ఈ చర్చ పూర్తి కాదు. ఆయన చిత్రించిన బోస్టన్ స్థలాల్లో ఫ్రాంక్లిన్ పార్కు, సముద్రతీరాలు అందరికీ ప్రవేశం ఉన్న చోట్లు. అదే దశాబ్దంలో తయారుదుస్తులు విస్తరించడం వల్ల గుమాస్తా యువతి కూడా ఆదివారం నాడు కొత్త తీరు దుస్తులు తొడుక్కునే వీలు కలిగింది. రంగు మరకగా మారిన లంగా ఖరీదైన పట్టుదో చౌక నూలుదో చూపరికి తెలియదు. ఛేజ్ చిత్రంలోని స్త్రీకి లేనిది పేరు మాత్రమే. ప్రెండర్‌గాస్ట్ చిత్రంలోని స్త్రీకి పేరుతో పాటు తరగతి కూడా తేలదు.

ప్రతుల వెల్లువలో ఒక్క ప్రతి

ఈ ముద్రలు వెలువడిన కాలం ముద్రిత స్త్రీరూపాలు వెల్లువెత్తిన కాలం. చార్లెస్ డానా గిబ్సన్ ‘లైఫ్’ పత్రికలో గీసిన యువతి ‘గిబ్సన్ గర్ల్’గా దేశమంతటికీ అందపు కొలబద్ద అయింది. 1893 నుంచి ఎడ్వర్డ్ పెన్‌ఫీల్డ్ హార్పర్స్ పత్రికకు వేసిన పోస్టర్లలో చదువుకునే, షికారుకు వెళ్లే నాగరిక స్త్రీ నెలనెలా దర్శనమిచ్చింది. హాఫ్‌టోన్ పద్ధతి బొమ్మల ప్రచురణను చౌక చేసింది. అలా స్త్రీలు బొమ్మను చూసి దుస్తులు ఎంచుకున్నారు, బొమ్మలు ఆ స్త్రీలను చూసి గీయబడ్డాయి. అచ్చులోని పోలిక వీధిలోకి వచ్చింది.

మోనోటైపు ఆ వెల్లువకు వెలుపల నిలిచింది. పత్రికలోని స్త్రీ వేల ప్రతుల్లో ఒకే ముఖంతో కనబడితే, ప్రెండర్‌గాస్ట్ ముద్రలోని స్త్రీ ముఖం లేకుండా ఒకే ప్రతిలో మిగిలింది. 1900లో షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లోనూ, న్యూయార్క్ మాక్‌బెత్ గ్యాలరీలోనూ ఆయన రచనలు ప్రదర్శితమైనప్పుడు ప్రేక్షకులకు నీటిరంగుల చిత్రాలతో పాటు ఈ ముద్రలూ కనిపించాయి. అప్పటికే అందరికీ కంఠస్థమైన ఒక స్త్రీరూపం అక్కడ మళ్లీ తీయలేని ముద్రగా గోడ మీదికి వచ్చింది.

ఈ ఏకైకతకు ఒక పరిమితి ఉంది. పారిస్‌లో స్థిరపడిన అమెరికన్ చిత్రకారిణి మేరీ కసాట్ 1890–91లో చేసిన పది వర్ణముద్రల్లో ‘ది ఫిట్టింగ్’ ఒకటి. డ్రైపాయింట్, ఆక్వాటింట్ పద్ధతుల్లో రేకు మీద శాశ్వతమైన గీతలతో చేసిన ముద్ర కనుక దానికి 25 ప్రతులున్నాయి. అందులో కొత్త దుస్తులు కొలత చూసుకునే స్త్రీ నిలబడి ఉంటే, ఆమె లంగా అంచు సరిచేస్తూ దర్జీ స్త్రీ నేల మీద వంగి ఉంటుంది. ఫ్యాషన్ వెనక ఉన్న శ్రమను కసాట్ చూపారు. ప్రెండర్‌గాస్ట్ పార్కులోకి దర్జీ స్త్రీ రాదు. వచ్చినా, ఆదివారం దుస్తుల్లో వచ్చి గుర్తుపట్టరాకుండా కలిసిపోతుంది.

టోపీల సంగతీ ఇటువంటిదే. 1896లో బోస్టన్‌లోనే హారియెట్ హెమెన్‌వే, మిన్నా హాల్ అనే ఇద్దరు మహిళలు, టోపీల ఈకల కోసం పక్షులను చంపడానికి వ్యతిరేకంగా తోటి స్త్రీలను కూడగట్టి మాసచూసెట్స్ ఆడుబాన్ సొసైటీని నెలకొల్పారు. ప్రెండర్‌గాస్ట్ కుంచె టోపీని ఒక అందమైన పూతగా మార్చిన ఏళ్లలో, అదే నగరంలో స్త్రీలు టోపీని ఒక నైతిక ప్రశ్నగా మార్చారు. ముఖం లేని ఆకారాలుగా ఆ ముద్రల్లో నడిచిన తరగతికే ఆలోచన, వాదన, నిర్ణయం ఉన్నాయని ఈ చరిత్ర గుర్తుచేస్తుంది. ముద్రలు చెప్పినదానితో పాటు చెప్పనిదాన్ని కూడా లెక్కలోకి తీసుకోవలసిన అవసరాన్ని ఇది తెలుపుతుంది.

ముగింపు

ప్రెండర్‌గాస్ట్ మోనోటైపుల్లో విశిష్టత చిత్రంలోని స్త్రీది కాదు, ముద్రది. రూపచిత్రంలో ముఖానికి ఉండే అపూర్వత ఇక్కడ కాగితం మీద రంగు అంటుకున్న తీరుకు బదిలీ అయింది. కొనుగోలుదారుకు దక్కింది ఎవరైనా కాగల ఒక స్త్రీ తాలూకు, మరెవరి వద్దా లేని ముద్ర. ఈ బదిలీలో లాభమూ ఉంది, నష్టమూ ఉంది. వీధిలో కంటిముందు సాగిపోయే క్షణాన్ని, మళ్లీ రాని దాని స్వభావంతో సహా నిలిపే పద్ధతి దొరకడం లాభం. ఆ క్షణంలోని మనిషి ఎవరో తెలియకుండా పోవడం నష్టం. అచ్చు గుద్దినట్టు కనబడే స్త్రీలలో ఒక్కొక్కరికీ ఒక్కో అచ్చును కేటాయించిన ఈ చిన్న ముద్రలను, ఆ లాభనష్టాలను కలిపి చూసినప్పుడే అమెరికన్ నగర చరిత్రకు ఆధారాలుగా సరిగా చదవగలం.