క్యాబిన్ కింద రాలిన బొమ్మలు

నిజామాబాద్, బోధన్ పిల్లలకు సినిమా ఇచ్చిన మొదటి ఆటవస్తువు ఏ దుకాణంలోనూ అమ్మలేదు. దానికి డబ్బా లేదు, కంపెనీ పేరు లేదు, ధర లేదు. సినిమా హాల్లో ప్రొజెక్టర్ గది ఊడ్చి కింద పారబోసిన చెత్తలో దొరికేది. రెండు వేళ్ల వెడల్పు ఫిల్ము ముక్క. వెలుగుకు ఎత్తిపట్టి ఒక కన్ను మూసుకుని చూస్తే అందులో ఎన్టీఆరో, కృష్ణో, అమితాబో కదలకుండా నిలబడి కనిపించేవాడు. అరవై, డెబ్బై, ఎనభైల్లో పెరిగిన మగపిల్లల జేబుల్లో గోటీల పక్కన ఇవి తప్పనిసరి. ఆడపిల్లల పుస్తకాల్లో నెమలీక పక్కన కూడా ఉండేవి, కాకపోతే హాలు వెనక చెత్తలో దేవులాడే పని అన్నదమ్ములకు అప్పజెప్పేవాళ్లు.

పిల్లలు బొమ్మలు వదిలేసి తెరలకు అతుక్కుపోతున్నారని ఇప్పుడు ఇంటింటా వినిపించే మాట. తెరకూ బొమ్మకూ ఉన్న చుట్టరికం చూస్తే ఆ మాట సగమే నిజమనిపిస్తుంది. అసలు తెర పుట్టిందే బొమ్మ కడుపున.

1820ల్లో లండన్‌లో ఒక అట్టబిళ్ల అమ్మేవాళ్లు. ఒక వైపు పిట్ట, రెండో వైపు పంజరం. రెండు పక్కలా దారాలు కట్టి గిర్రున తిప్పితే పిట్ట పంజరంలో కూర్చున్నట్టు కనిపించేది. 1832లో బెల్జియం శాస్త్రవేత్త జోసెఫ్ ప్లాటో బొమ్మలు గీసిన చక్రాన్ని అద్దం ముందు తిప్పి వాటిని కదిలించాడు. రెండేళ్లకు ఇంగ్లండ్‌లో హార్నర్ అదే పనిని ఒక డబ్బాలో చేశాడు. ఆ డబ్బాను 1867లో అమెరికాలో మార్కెట్లోకి తెచ్చినవాడు మిల్టన్ బ్రాడ్లీ, ఇంట్లో కూర్చుని ఆడే ఆటలు అమ్ముకునే వ్యాపారి. 1895 డిసెంబరులో పారిస్‌లో లూమియేర్ సోదరులు టికెట్ పెట్టి సినిమా చూపించేనాటికి, కదిలే బొమ్మ పిల్లల చేతుల్లో పడి డెబ్బై ఏళ్లు కావస్తోంది. ఆ సినిమాకు ఇంద్రజాలం నేర్పిన జార్జ్ మెలియే దివాలా తీసి, చివరికి పారిస్ మోంపార్నాస్ రైల్వే స్టేషన్‌లో చిన్న కొట్టు పెట్టుకుని పిల్లలకు మిఠాయిలు, ఆటబొమ్మలు అమ్ముకున్నాడు. ఆయన తీసిన ఫిల్ములు చాలావాటిని మొదటి ప్రపంచ యుద్ధకాలంలో కరిగించేశారు. అందులోని వెండి తీసుకున్నారు, మిగిలినది సైనికుల బూట్ల మడమలకు వాడారు.

కరిగించడానికి ఆ ఫిల్ము దేనితో చేసిందన్నది కూడా చెప్పుకోవాలి. 1869లో అమెరికాలో జాన్ వెస్లీ హయత్ బిలియర్డ్స్ బంతులకు ఏనుగు దంతం బదులు ఏదైనా దొరుకుతుందేమోనని వెతుకుతూ, నైట్రోసెల్యులోజ్‌లో కర్పూరం కలిపి సెల్యులాయిడ్ చేశాడు. మనం హారతికి వెలిగించే కర్పూరమే. ఇరవై ఏళ్ల తర్వాత ఈస్ట్‌మన్ దాన్నే పల్చటి పారదర్శకమైన పట్టీగా చేసి ఫిల్ము అన్నాడు. అదే పదార్థంతో గిలకలు, పింగ్‌పాంగ్ బంతులు, పసిపిల్లల బొమ్మలు పోత పోశారు. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య జపాన్ ఇలాంటి బొమ్మలను ఓడలకెత్తి దేశదేశాలకు పంపింది. తెర మీద హీరోయిన్, పిల్ల చంకలోని పాపాయి ఒకే మూసలోని సరుకు. రెండింటికీ అగ్గి తగిలితే ఆరేది కాదు. 1950ల మొదట్లో ఈస్ట్‌మన్ కంపెనీ కొడాక్ ఆ రకం ఫిల్ము మానేసి త్వరగా అంటుకోని అసిటేట్‌కు మారింది. బోధన్ పిల్లలు ఇంట్లో పొయ్యి పక్కనే ఫిల్ము ముక్కలు దాచుకున్నా ఇళ్లు తగలబడకపోవడానికి కారణం ఇదే.

సినిమా రాకముందు ఈ ప్రాంతంలో బొమ్మలు లేవా అంటే బోలెడున్నాయి. పొలాల అమావాస్యకు మట్టి ఎడ్లు. జొన్న కోతలయ్యాక బెండ్లతో చేసిన బండ్లు, కళ్లద్దాలు. చిర్రగోనె, బొంగరం. ఉత్తరాన గోదావరి దాటితే నిర్మల్‌లో పొణికి కర్రతో నకాషీలు చేసే పండ్లు, పిట్టలు ఉండేవి, కానీ అవి షోకేసులకు పోయే సరుకు, పిల్లల చేతికి అరుదుగా వచ్చేవి. ఈ వరుసలోకి ఫిల్ము ముక్క వచ్చి చేరింది.

అది చేరిన దారి మాత్రం చెరకుతో ముడిపడి ఉంది. 1923 నుంచి 1931 దాకా మంజీర మీద నిజాంసాగర్ కట్టారు. నీళ్లొచ్చాక చెరకొచ్చింది. 1930ల చివర్లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ లేచింది, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకున్నది. కృష్ణా, గుంటూరు వైపు నుంచి రైతులు వచ్చి కాలవల వెంట క్యాంపులు కట్టుకున్నారు. జీతాలు, బోనసులు, చెరకు బిల్లులు చేతిలో ఆడే ఊళ్లలో సినిమా నిలబడకుండా ఎలా ఉంటుంది? తెలుగు ఆట, హిందీ ఆట, మహారాష్ట్ర సరిహద్దు కాబట్టి అప్పుడప్పుడు మరాఠీ ఆట కూడా.

అయితే కొత్త ప్రింటు నేరుగా ఇక్కడికి వచ్చేది కాదు. నైజాం ఏరియా హక్కులు కొన్న పంపిణీదారు ముందు హైదరాబాద్‌లో ఆడించేవాడు. ఆ తర్వాత జిల్లా కేంద్రాలు, ఆ తర్వాత చిన్న ఊళ్లు, చివరికి టూరింగ్ టాకీసులు. ఇనప పెట్టెల్లో రీళ్లు బస్సెక్కి ఊరూరా దిగేవి. రెండున్నర గంటల సినిమా అంటే సుమారు 13,500 అడుగుల ఫిల్ము, అడుగుకు 16 ఫ్రేములు, మొత్తం రెండు లక్షలు దాటే బొమ్మలు. ఒక్కో ఫ్రేముకు రెండు పక్కలా నాలుగేసి చిల్లులు. ఆ చిల్లులు ప్రొజెక్టరు పళ్లకు చిక్కి చిరిగితే ఆపరేటర్ ఆ భాగాన్ని కత్తిరించి, రెండు కొసలూ బ్లేడుతో గీరి, సిమెంటు రాసి అతికించేవాడు. ప్రతి అతుకుకూ ఒకటో రెండో ఫ్రేములు నేల మీద పడేవి. పాత ప్రింటుకు అతుకులెక్కువ కాబట్టి హైదరాబాద్ నుంచి ఎంత దూరం వస్తే అంత చెత్త. పెద్ద ఊరి పిల్లలు కొత్త సినిమా ముందు చూసి ఉండొచ్చు, ఫిల్ము ముక్కల లెక్కలో మాత్రం బోధన్ పిల్లలే సంపన్నులు.

"అన్నా, ఒక్క ముక్క ఇయ్యరాదే" అని మెట్ల కింద నిలబడి బతిమాలితే ఆపరేటర్ మూడ్‌ను బట్టి పని జరిగేది. "ఆట అయినంక రాండ్రి, పోండ్రి" అన్నాడంటే ఇస్తాడన్నట్టే. ఆయన దగ్గర ఇంకో నిధి కూడా ఉండేది. ఆర్క్ దీపంలో కాలి మిగిలిన కార్బన్ పుల్లల ముక్కలు, పైన రాగి పూత. షాబాద్ బండల మీద తొక్కుడు బిళ్ల గళ్లు గీయడానికి వాటిని మించిన సుద్దముక్క లేదు.

దొరికిన ముక్కలన్నీ ఒకే విలువవి కావు. చిరుగులు ఎక్కువగా రీలు మొదట్లో, చివర్లో ఉంటాయి. అందుకే అంకెలున్న లీడరు ముక్కలు, వట్టి నల్ల ముక్కలు కుప్పలుగా దొరికేవి. వాటిని జొన్న బెండు కళ్లద్దాలకు బిగించి చలువ అద్దాలంటూ తిరిగేవాళ్లు. 1980 ఫిబ్రవరి 16న సూర్యగ్రహణం నాడు ఈ నల్ల ముక్కల్లోంచే సూర్యుణ్ని చూసిన ఘనులున్నారు. రంగుల ఫిల్ములో కడిగాక వెండి మిగలదు, కంటికి చేటు చేసే కిరణాలు దాని గుండా దర్జాగా వచ్చేస్తాయి. అప్పుడు ఎవరూ చెప్పలేదు. రీలు చివర ఫ్రేములో కుడి పై మూల గుండ్రని చుక్క ఉంటే అది కొంచెం వింత సరుకు. రెండో ప్రొజెక్టరు ఆన్ చేయమని ఆపరేటర్‌కు గుర్తు అది. ఆ పైన పాటల ముక్కలు, ఫైటింగ్ ముక్కలు, అన్నిటికన్నా పైన హీరో ముఖం దగ్గరగా ఉన్న ముక్క. గోటీల్లో బేరం కుదిరేది. చెరకు కొట్టే కాలంలో, ఫ్యాక్టరీకి పోయే బండ్ల వెనక నుంచి లాగిన గడలతో కూడా.

ముక్కను చేతిలో పట్టుకుని చూస్తే తృప్తి ఎంతసేపు? గోడ మీద చూడాలి. దానికి యంత్రం కావాలి. మాడిపోయిన బల్బు ఒకటి సంపాదించి, అడుగున నల్ల గాజును మేకుతో మెల్లగా పొడిచి, లోపలి కాడను విరగ్గొట్టి బయటికి లాగేవాళ్లు. చేతులు తెగేవి. ఖాళీ బుడగలో నీళ్లు నింపితే భూతద్దం సిద్ధం. చెప్పుల డబ్బాకు చిల్లు పెట్టి బల్బును అందులో ఇరికించి, దాని వెనక రెండు వేళ్ల ఎడంలో ఫిల్మును నిలబెట్టేవాళ్లు. ఆ ఎడం కాస్త అటూ ఇటూ జరిపితేనే బొమ్మ తేటపడేది. ఇక దీపం. ఒకడు బయట ఎండలో అద్దం పట్టుకుని కిటికీ సందులోంచి వెలుగును డబ్బాలోకి కొట్టాలి. సూర్యుడు జరుగుతుంటాడు కాబట్టి వాడూ జరుగుతుండాలి. సినిమా మొత్తానికి ఏమీ చూడనివాడు వాడొక్కడే. తలుపులు మూసి, దుప్పట్లు కట్టి, నాన్న ధోవతి మీద పడనిస్తే మోకాలెత్తు బొమ్మ లేచేది. నీళ్ల బుడగ తలకిందులు చేస్తుంది గనక ఫిల్మును తలకిందులుగా పెట్టాలని మొదటి ఆటలోనే తెలిసిపోయేది.

అంతా సవ్యంగా చేసినా ఒక చిక్కు తీరేది కాదు. 1974లో 'అల్లూరి సీతారామరాజు' తెలుగులో తొలి సినిమాస్కోప్‌గా వచ్చింది, తర్వాత అందరూ అటే మళ్లారు. సినిమాస్కోప్‌లో బొమ్మను అడ్డంగా సగానికి నొక్కి ఫిల్ము మీద అచ్చు వేస్తారు, ప్రొజెక్టరుకు బిగించిన ప్రత్యేక లెన్సు దాన్ని మళ్లీ సాగదీస్తుంది. మన బల్బుకు ఆ విద్య రాదు. హీరోలంతా తాటిచెట్లలా సన్నగా పొడుగ్గా గోడెక్కేవాళ్లు. ధోవతిని ఏటవాలుగా కట్టి చూస్తే, ఒక పక్క మసకబారినా, మనిషి కొంచెం ఒళ్లు చేసేవాడు. ఇది ఏ పుస్తకంలోనూ చదివి చేసిన పని కాదు. ఇంజనీరింగ్ చదువుకున్నాక ఆ లెక్క రాసుకున్నవాళ్లు మా వైపు ఉన్నారు.

టీవీ వచ్చాక ఈ వ్యవహారం వేరే దారి పట్టింది. 1987 జనవరిలో దూరదర్శన్‌లో 'రామాయణ్' మొదలైంది. ఆదివారం పొద్దున ఎపిసోడ్, పదకొండింటికి వీధిలో యుద్ధం. వెదురు బద్దలకు సుతిలి కట్టి విల్లు, చీపురు పుల్లలు బాణాలు. పుల్ల మొనకు గుడ్డ చుట్టమని తల్లులు వెంటపడేవాళ్లు. ఆ తర్వాత జాతరల్లో బంగారు రంగు కాగితం అంటించిన అట్ట గదలు, కిరీటాలు అమ్మకానికొచ్చాయి. పిల్లలు సొంతంగా చేసుకున్నది ఏడాది తిరక్కుండా సరుకైపోయింది.

పడమటి దేశాల్లో ఇంకో అడుగు ముందుకే వేశారు. 'స్టార్ వార్స్' 1977లో వచ్చినప్పుడు బొమ్మలు సకాలంలో తయారుకాక, కెన్నర్ కంపెనీ క్రిస్మస్‌కు బొమ్మల్లేని అట్టపెట్టెలో రసీదు పెట్టి అమ్మింది. 'హీ-మ్యాన్' సంగతి మరీ విచిత్రం. 1982లో ముందు బొమ్మ అంగడికెక్కింది, ఆ బొమ్మ అమ్ముడుపోవడానికి మరుసటేడు కార్టూన్ తీశారు. దూరదర్శన్‌లో ఆ కార్టూన్ చూసిన మా పిల్లలకు బొమ్మ దొరకలేదు. కట్టెను కత్తి చేసుకుని మేకపోతు మీద ఎక్కబోయి పడ్డారు.

మన దగ్గర ఆ కిటుకు పట్టుకున్నది హైదరాబాద్ సంస్థే. రాజీవ్ చిలక 2001లో పెట్టిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ 2008లో పోగో చానల్లో 'ఛోటా భీమ్' తెచ్చింది. పంచె కట్టుకుని లడ్డూలు తినే ఆ పిల్లాడు కొన్నాళ్లకే బడిసంచీల మీద, టిఫిన్ డబ్బాల మీద, బర్త్‌డే కేకుల మీద ఎక్కి కూర్చున్నాడు. సంస్థ సొంతంగా బొమ్మల దుకాణాలు కూడా తెరిచింది. నిజామాబాద్ బజార్లలో అసలు భీమ్ పక్కనే కనుబొమలు కాస్త వంకరపోయిన నకిలీ భీమ్ కూడా సగం ధరకు వేలాడేవాడు. నిజం చెప్పాలంటే పిల్లలకు ఆ తేడా పట్టలేదు.

ఫిల్ము ముక్క మాత్రం ఆ సరికే అంతిమ ఘడియల్లో ఉంది. 2005 తర్వాత శాటిలైట్, హార్డ్‌డిస్క్ ప్రదర్శన ఒక్కో ఊరికీ పాకింది. ప్రింటు ఒక్కదానికి పదుల వేలు పోసే బాధ నిర్మాతకు తప్పింది. చిన్న ఊళ్లో కూడా రిలీజు రోజే కొత్త బొమ్మ, గీతల్లేకుండా. 2013లో ఫ్యూజీ సినిమా ఫిల్ము తయారీ ఆపేసింది, ఆ ఒకటి రెండేళ్లలో మన హాళ్లలో రీళ్లు తిరగడం దాదాపు ఆగిపోయింది. 2015 డిసెంబరులో బోధన్ ఫ్యాక్టరీకి కూడా లే-ఆఫ్ పడింది. ఒకదానికి ఒకటి కారణం కాదు, కానీ రెండూ చూసిన తరం ఒకటే. ఆపరేటర్లు కొందరు అదే గదిలో సర్వర్ ముందు కూర్చున్నారు. చెత్తబుట్టలో ఇప్పుడు టీ కప్పులే ఉంటాయి.

బల్బు కూడా పోయింది. ఎల్‌ఈడీ మాడిపోతే లోపల నీళ్లు పోయడానికి గాజు బుడగ లేదు, ప్లాస్టిక్ మూత కింద చిన్న పలక మాత్రమే. అయినా ఆట పూర్తిగా ఆగలేదు. యూట్యూబ్‌లో చూసి పిల్లలు చెప్పుల డబ్బాకు చిల్లు పెడుతున్నారు. స్టేషనరీ కొట్లో కొన్న భూతద్దం బిగించి, లోపల నాన్న ఫోను నిలబెట్టి, బెడ్‌రూమ్ గోడ మీద సినిమా వేస్తున్నారు. ఫోను వెలుగు ఎండంత ఉండదు కాబట్టి బొమ్మ మసకగానే వస్తుంది, కానీ కదులుతుంది, పైగా అద్దం పట్టుకుని బయట నిలబడేవాడి అవసరం లేదు. తలకిందుల సమస్య మాత్రం అలాగే ఉంది. ఫోనును తిరగేసి పెడితే లోపలి బొమ్మ కూడా తనంతట తాను తిరిగి నిలబడుతుంది. ముందు ఆటో రొటేట్ ఆపేయాలి.