ఉగ్గాని బజ్జీ

ఉగ్గాని బజ్జీ రాయలసీమ ప్రాంతానికి చెందిన ఒక ఉపాహారం. నానబెట్టిన బొరుగులకు తాలింపు పెట్టి చేసేది ఉగ్గాని. దానికి తోడుగా నూనెలో వేయించిన మిరపకాయ బజ్జీని వడ్డిస్తారు. కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పట్టణాలతో పాటు కర్నూలు, అనంతపురం ప్రాంతాలలోనూ దీనిని ఇళ్ళలో వండుకుంటారు, వీధి అంగళ్ళలో అమ్ముతారు.

పేరు

కన్నడంలో ఒగ్గరణె అనగా తాలింపు. ఉగ్గాని అనే పేరుకు ఈ పదంతో దగ్గరి పోలిక ఉన్నది. కర్ణాటకలో ఇటువంటి వంటకాన్ని ఒగ్గరణె మండక్కి అంటారు. దావణగెరె పట్టణంలో మండక్కితో మిరపకాయ బజ్జీ తినడం ప్రసిద్ధి.

తయారు చేయు విధానం

బొరుగులను నీటిలో కొద్దిసేపు మాత్రమే ఉంచి, మెత్తబడగానే గట్టిగా పిండి తీయాలి. ఆలస్యమైతే ముద్దగా మారతాయి. బాణలిలో నూనె కాగిన తరువాత ఆవాలు, కరివేపాకు, ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు, పసుపు వేసి వేయించి, బొరుగులను కలుపుతారు. చివరగా వేయించిన శనగపప్పు పొడి చల్లి, నిమ్మరసం పిండుతారు.

బజ్జీకి కారం తక్కువగా ఉండే పొడవాటి మిరపకాయలను వాడతారు. కాయను నిలువుగా చీల్చి, వాము, ఉప్పు, చింతపండు కలిపిన ముద్దను కూరి, జారుగా కలిపిన శనగపిండిలో ముంచి నూనెలో వేయిస్తారు.

మెట్ట పంటలతో సంబంధం

కడప జిల్లా వర్షాభావ ప్రాంతం. సాలుకు సగటున సుమారు 700 మిల్లీమీటర్ల వర్షం మాత్రమే కురుస్తుంది. జిల్లా పశ్చిమ భాగంలోని నల్లరేగడి నేలల్లో రబీలో శనగ పండిస్తారు. ఈ పంట నేలలో నిలిచిన తేమతోనే పండగలదు. వేరుశనగను ఇక్కడ చెనిక్కాయ అంటారు. ఇదికూడా రాయలసీమలో ప్రధానమైన మెట్ట పంట. ఈ విధంగా బజ్జీకి కావలసిన పిండి, నూనె రెండూ మెట్ట పొలాల నుండే లభిస్తాయి.

నీరు ఎక్కువగా కావలసిన వరి ఇందులో తక్కువగా ఖర్చవుతుంది. వేడి ఇసుకలో వేయించినపుడు గింజలోని తేమ ఆవిరియై బియ్యం అనేక రెట్లు ఉబ్బి బొరుగులవుతుంది. అందువలన కొద్దిపాటి బియ్యంతోనే పళ్ళెం నిండుతుంది. బియ్యంలో తక్కువగా ఉండే లైసీన్ అనే ఆమ్లం శనగలో ఎక్కువగా ఉంటుంది. శనగపిండిలో మాంసకృత్తులు సుమారు 20 శాతం.

అయితే మిరప, వేరుశనగ రెండూ అమెరికా ఖండాల నుండి వచ్చిన పంటలే. మిరప 16వ శతాబ్దంలో పోర్చుగీసువారి ద్వారా భారతదేశానికి చేరింది. కనుక నేటి రూపంలోని బజ్జీ అంతకంటే పురాతనమైనది కాదు.

ఆరోగ్యం

బజ్జీలు నూనెను పీల్చుకుంటాయి. ఒకే నూనెను పదేపదే కాచినపుడు అందులో హానికర పదార్థాలు పెరుగుతాయి. భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధనల ప్రకారం, 2018 జూలై 1 నుండి, పోలార్ పదార్థాలు 25 శాతం మించిన వంటనూనెను వాడరాదు. నూనె నల్లబడడం, చిక్కబడడం, నురుగు కట్టడం అది చెడిందనడానికి గుర్తులు.

ఇతర దేశాలలో

ఇటలీలోని సిసిలీ ద్వీపంలో పనెల్లె అనే చిరుతిండిని కూడా శనగపిండితోనే చేస్తారు. పిండిని నీటిలో ఉడికించి, చల్లారిన తరువాత పలుచని ముక్కలుగా కోసి నూనెలో వేయిస్తారు. పలెర్మో నగర వీధులలో దీనిని రొట్టెలో పెట్టి అమ్ముతారు.

ఇవి కూడా చూడండి

బొరుగులు
శనగలు
రాయలసీమ